ఒకపక్కే నిండిన చక్రం

2020 చలికాలంలో నేను పాతబస్తీ సబ్‌డివిజన్‌లో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌ని. ఆఫీసు భాషలో డీఈఈ. జాతరలో రంగులరాట్నం కానీ, ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ కానీ, పార్కులో మనుషుల్ని తలకిందులు చేసే యంత్రం ఇంకేదైనా కానీ, జనాన్ని ఎక్కించుకునే ముందు మాలాంటి వాళ్ళ సంతకం ఉండాలి. ఆ కాగితాన్ని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అంటారు. కరోనా మొదటి విడతలో మూతపడ్డ పార్కులు అప్పుడప్పుడే తెరుచుకుంటున్నాయి. నగరం బయట ఉన్న ఆ పెద్ద పార్కు నిజానికి నా పరిధిలోది కాదు. దాన్ని చూడాల్సిన ఇంజనీరు క్వారంటైన్‌లో ఉండటంతో అదనపు బాధ్యత అనే పేరుతో నాకు అంటగట్టారు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను పుట్టు పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానో లేదో మూడుసార్లు చూసుకోనిదే ఇల్లు కదలను. నీ భయానికి సర్కారు జీతం కూడా ఇస్తోంది, ఎంత అదృష్టమో అని మా ఆయన ఎగతాళి చేసేవారు. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. ధైర్యవంతుడు బోల్టును కంటితో చూసి బాగుందంటాడు. పిరికివాడు పానా పెట్టి తిప్పి చూస్తాడు. తనిఖీ ఉద్యోగానికి రెండోవాడే పనికొస్తాడు.

నెలల తరబడి కదలని యంత్రం అంటే నాకు మరీ భయం. తెరవడానికి వారం ముందు అక్కడి జెయింట్ వీల్‌ను రెండు రోజులు పరీక్షించాను. క్యాబిన్లన్నింటిలో సమానంగా ఇసుక బస్తాలు వేయించి, తిప్పించి, మధ్యమధ్య బ్రేకు వేయించి చూశాను. దీన్ని లోడ్ టెస్ట్ అంటారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సంతకం చేసి వచ్చాను. పార్కు తెరిచాక మళ్ళీ వెళ్ళి చూడాలన్న రూలేమీ లేదు. అయినా మనసు ఊరుకోక నాలుగో రోజు పొద్దున జీపు వేయించుకుని బయలుదేరాను.

గేటు దగ్గర నుదుటికి తుపాకీలాంటి థర్మామీటర్ పెట్టారు, చేతుల్లో శానిటైజర్ పోశారు. మాస్కులోంచి వచ్చే ఊపిరికి కళ్ళద్దాలు పొగచూరినట్టయ్యాయి. వారం మధ్యలో పొద్దుటిపూట కాబట్టి జనం పలుచగా ఉన్నారు. నేల మీద మనిషికీ మనిషికీ దూరం చూపిస్తూ పసుపు వలయాలు గీశారు. అడుగడుగునా బోర్డులు. వాటిలో ఒక వాక్యం పెద్ద అక్షరాలతో ఉంది. ఒకే ఇంటివారు పక్కపక్కన కూర్చోవాలి, వేరే ఇంటివారికి మధ్య ఖాళీ వదలాలి. చదివి, బాగానే రాశారు అనుకుంటూ ముందుకు వెళ్ళాను.

మలుపు తిరగగానే వీల్ కనిపించింది. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. పైకి వెళ్తున్న వైపు వరుసగా ఐదు క్యాబిన్ల నిండా మనుషులు, రంగురంగుల చీరలు, పిల్లలు. మిగతా చక్రమంతా ఖాళీ. ఆపండి, ఆపండి అని అరుస్తూనే పరుగెత్తాను. మాస్కులోంచి నా అరుపు నాకే సరిగ్గా వినపడలేదు.

ఆ వీల్ తిరిగే తీరు చెప్పాలి. చక్రం అంచును రబ్బరు టైర్లు రెండు పక్కల నుంచి నొక్కి పట్టుకుంటాయి. మోటారు టైర్లను తిప్పితే ఆ పట్టుతో చక్రం కదులుతుంది. అందుకే ఎప్పుడూ ఎదురెదురుగా నింపుతారు. ఇటు నలుగురిని ఎక్కించి, సగం చుట్టు తిప్పి, అటు నలుగురిని ఎక్కిస్తారు. అంతా ఒకపక్కే ఎక్కితే ఆ బరువును పైకి లాగడం టైర్ల వల్ల కాదు. పైగా ఆ రోజుల్లో చుట్టుకోసారి క్యాబిన్ల మీద క్రిమినాశక ద్రావణం చల్లేవారు. అది కారి అంచంతా తడిసి ఉంది.

నేను చేరేలోపే టైర్లు కీచుమని జారాయి. చక్రం ఆగి, వెనక్కి ఒరగబోయింది. ఆపరేటర్ ఇస్మాయిల్ భాయ్ ఎమర్జెన్సీ బ్రేకు వేశాడు. అది చక్రం అంచునే పట్టుకునే బ్రేకు. పట్టుకుంది. పైనుంచి ఒక్కసారిగా కేకలు వినిపించాయి.

ఇస్మాయిల్ భాయ్ చార్మినార్ పక్క గల్లీ మనిషి, ఆ వీల్ దగ్గరే తల నెరిసినవాడు. బ్రేకు వదలకుండానే నా వైపు తిరిగాడు. "నేను అడిగిన మేడం. ఎదురెదురుగ కూసోబెడ్తనని అడిగిన. బోర్డు మీద ఉన్నట్టే చెయ్యాలె, ఒక్క ఇంటోళ్ళను ఇడగొట్టొద్దన్నరు మా ఆఫీసోళ్ళు. వీళ్ళంత ఒక్క ఇంటోళ్ళే. ఎనకాల లైన్ల ఇంకెవ్వరు లేరు."

వాళ్ళు గౌలిపుర నుంచి వచ్చిన ఉమ్మడి కుటుంబం. అన్నదమ్ములు, తోడికోడళ్ళు, పిల్లలు కలిపి పద్దెనిమిది మంది. పెద్దరికాన్ని బట్టి ముసలి తల్లిని, మనవరాలిని మొదటి క్యాబిన్‌లో కూర్చోబెట్టారు. అన్నదమ్ములు చివరి దానిలో ఎక్కారు. దాంతో తల్లి అందరికంటే పైన, దాదాపు చక్రం నెత్తికెక్కే చోట ఆగిపోయింది. కొడుకులు డాబా ఎత్తున ఉన్నారు. అక్కడి నుంచి పెద్ద కొడుకు మల్లేశ్ కిందికి వంగి అరిచాడు. "మేడం, మా అమ్మకు దమ్ము బీమారి ఉన్నది! కరోనా అయ్యి ఆక్సిజన్ మీద ఉండొచ్చింది! జల్ది దించుండ్రి!"

ఆ మాట విన్నాక నాకు బ్రేకు తప్ప మరేదీ కనిపించలేదు. అది సమానంగా పంచిన బరువు మీద పరీక్షించిన బ్రేకు. ఇలా ఒకేవైపు వేలాడే బరువును ఎంతసేపు పట్టి ఉంచుతుందో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఇసుక బస్తాలకు కుటుంబాలుండవు కదా. అంచు మీద సుద్దముక్కతో గీత గీసి చూస్తున్నాను. కాసేపటికి ఆ గీత వేలెడు జరిగింది, అంటే బ్రేకు పట్టు జారుతోంది. పార్కు మేనేజరు ఫైరింజన్‌కు ఫోన్ చేశాడు. నగరం నుంచి పొడవు నిచ్చెన బండి వచ్చేసరికి గంట పడుతుందన్నారు. రమ్మనే చెప్పించాను, కానీ దాని మీద ఆశ పెట్టుకోలేదు.

చేయగలిగింది ఒకటే. మోటారు కట్టేసి, బ్రేకును చేతి లీవర్‌తో కొంచెం వదిలి, వెంటనే పట్టాలి. బరువే చక్రాన్ని వెనక్కి దించుతుంది. ఒక్క క్షణం ఎక్కువ వదిలితే వేగం అందుకుంటుంది, ఆ తర్వాత ఏ బ్రేకూ ఆపలేదు. ఇస్మాయిల్ భాయ్ లీవర్ దగ్గర నిలబడ్డాడు. నేను గీత మీద కన్నేసి "వదులు, పట్టు" అని చెబుతూ పోయాను. మొదటిసారి వదిలినప్పుడు చక్రం మూలిగిన చప్పుడుకు నా పైప్రాణాలు పైనే పోయాయి. అలా కొంచెం కొంచెంగా చివరి క్యాబిన్ ప్లాట్‌ఫారమ్‌కు వచ్చింది. హమ్మయ్య అనుకుని తలుపు తీయించాను.

మల్లేశ్ దిగలేదు. తమ్ముళ్ళూ కదల్లేదు.

"అమ్మ, పోరి దిగినంకనే మేం దిగుతం," అన్నాడు. "తల్లిని మీద ఇడిసిపెట్టి మగోళ్ళం ముందుగాల దిగుతమా? రేపు గల్లీల మొఖమెట్ల చూపెట్టాలె? మమ్మల్ని ఇట్లనే ఉంచి, ముందుగాల ఆమెను తెండ్రి."

ఆ ఇంటి మర్యాద అది. తప్పు పట్టడానికి లేదు. కానీ చక్రానికి ఆ మర్యాద తెలియదు. వాళ్ళు కూర్చునే ఉంటే, ఐదు క్యాబిన్లలో నడిమిది అడుగుకు రాగానే బరువు రెండు పక్కలా సరితూగి చక్రం అక్కడే నిలబడిపోతుంది. తల్లి క్యాబిన్ కిందికి రాదు. చివర ఎక్కినవాళ్ళు ముందు దిగాలి, ముందు ఎక్కినవాళ్ళు చివర దిగాలి, వేరే దారి లేదు. ఇదంతా టార్క్ అనీ సమతుల్యమనీ చెప్పబోయాను. అతను వినే స్థితిలో లేడు. మేనేజరు కేకలేయడంతో అతనికి మొండితనం ఇంకా పెరిగింది. గీత మరో వేలెడు జరిగింది.

నేను పుట్టి పెరిగింది శాలిబండలో. ఆ యాస నా నోట్లోనే ఉన్నా ఆఫీసు పనిలో బయటికి తీసేదాన్ని కాదు. ఆ పూట తీశాను.

"తమ్మీ, మీరేం దందా చేస్తరు?"

"పాల దందా. ఇప్పుడు గదెందుకు మేడం?"

"బండికి క్యాన్లు ఎట్ల కడ్తవ్?"

"రెండు దిక్కుల. సమంగ."

"ఎవడో తెలివితక్కువోడు అన్ని క్యాన్లు ఒక్క దిక్కే కట్టిండు. బండి ఒరుగుతున్నది. ఏ క్యాన్ ముందుగాల దించుతవ్?"

"చేతికి ఏదందితే అది."

"ఇప్పుడు నా చేతికి అందింది నువ్వే. నువ్వు దిగకుంటే మీ అమ్మ దిగదు."

అతను నా ముఖం చూశాడు, తలెత్తి చక్రం చూశాడు. నిండిన పక్క, ఖాళీ పక్క. పాలవాడికి ఆ లెక్క నేను చెప్పనక్కర్లేదు. అప్పుడే అతని ఫోన్ మోగింది. పైనుంచి మనవరాలు చేసింది. స్పీకర్‌లో తల్లి గొంతు వినిపించింది. "మల్లిగా... మేడం చెప్పినట్టు ఇను... నాకేం ఫికర్ లేదు." మాటకూ మాటకూ మధ్య ఆమె ఊపిరి లాగుతున్న చప్పుడు అందరికీ వినబడింది. మల్లేశ్ ముఖం ముడుచుకుపోయింది. దిగాడు. అతని వెనకే తమ్ముళ్ళు దిగారు. మల్లేశ్ దిగినవాడు దిగినట్టే లీవర్ దగ్గరికి వెళ్ళి ఇస్మాయిల్ భాయ్ చేతి మీద తన చేయి వేసి నిలబడ్డాడు.

తర్వాతి క్యాబిన్లు ఒక్కొక్కటే దిగాయి. బరువు తగ్గిన కొద్దీ బ్రేకు మాట వినసాగింది. తీరా తల్లి క్యాబిన్ ఒక్కటే మిగిలాక, ప్లాట్‌ఫారమ్‌కు నిలువెత్తు పైన చక్రం ఆగిపోయింది. ఉన్న కాస్త బరువు దాన్ని కదిలించడానికి చాలలేదు. ఇక మోటారు వేయక తప్పదు. జారిన టైర్లను మళ్ళీ నమ్మాలి. అంచునూ టైర్లనూ పొడిగుడ్డతో తుడిపించాను, అది చాలక నా చున్నీతో నేనే మళ్ళీ తుడిచాను. అప్పుడు వేయమన్నాను. టైర్లు పట్టుకున్నాయి. క్యాబిన్ మెల్లగా దిగింది.

మనవరాలు గెంతి తండ్రి మల్లేశ్ మెడకు చుట్టుకుంది. ముసలావిడను ఇద్దరు కొడుకులు పట్టుకుని దించారు. ముక్కు నుంచి గడ్డం దాకా మాస్కు బిగించి ఉంది, దాని పైన కళ్ళు మాత్రం పెద్దవై ఉన్నాయి. ఛాతీ ఎగిసెగిసి పడుతోంది. ఆమె నా మెడలోని ఐడీ కార్డు చూసి, చూపుడు వేలు మాస్కు అంచున పెట్టి అడిగింది.

"ఇప్పుడు తియ్యొచ్చా బిడ్డా?"

ఊపిరి అందక కొట్టుకుంటూ, ఆకాశంలో మనవరాలితో ఒంటరిగా కూర్చుని కూడా ఆవిడ మాస్కు తీయలేదు. రైడ్ దిగేదాకా తీయొద్దని గేటు దగ్గర చెప్పారట. నా చేత్తోనే తీశాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఫస్ట్ ఎయిడ్ గదిలో ఆక్సిజన్ చూశారు. మొదట కాస్త తక్కువగా ఉండి, అరగంటలో కుదుటపడింది. మధ్యాహ్నానికి ఆవిడ టీ అడిగి తాగింది. పైసలిచ్చింది పూర్తి చుట్టుకు, తిప్పింది సగమని ఇస్మాయిల్ భాయ్‌ను కోప్పడింది కూడా.

వీల్ నడపరాదని అక్కడికక్కడే నోటీసు ఇచ్చాను. రిపోర్టులో కారణం అనే చోట సందర్శకుల తొందరపాటు అని రాయమని మేనేజరు బతిమాలాడు. ఎవరు తొందరపడ్డారో చూపించమన్నాను. ఆరోగ్యశాఖ వాళ్ళు దూరం పాటించమన్నారు, పార్కు పాటించింది. ఆపరేటర్‌ను ఇంటివాళ్ళను విడదీయొద్దన్నారు, విడదీయలేదు. చల్లేవాళ్ళను చుట్టుకోసారి చల్లమన్నారు, చల్లారు. ముసలావిడ సంగతి చెప్పాను కదా. ఆ పూట అక్కడ నియమం తప్పినవారు ఒక్కరూ లేరు. రిపోర్టులో అదే రాశాను. పై అధికారికి నచ్చలేదు, ఇది కారణం కాదన్నారు. నేను మార్చలేదు. తర్వాత ఆరోగ్యశాఖ వాళ్ళతో కూర్చుని, ఒకే ఇంటివారైనా రెండు జట్లుగా ఎదురెదురు క్యాబిన్లలో ఎక్కించాలని బోర్డు మార్పించాం. బస్తాలన్నీ ఒకపక్కే వేయించి బ్రేకును మళ్ళీ పరీక్షించాకే వీల్ తిరిగింది.

కొత్త నియమం ఏదైనా చేతికొస్తే, జనం దాన్ని తప్పితే ఏమవుతుందో ఆలోచించడం మా శాఖలో అందరికీ అలవాటే. అందరూ తు.చ. తప్పకుండా పాటిస్తే ఏమవుతుందో కూడా చూడాలి. మిగిలిన సర్వీసంతా నేను రెండోదే ముందు చూశాను.