మిస్ లొరెటా ఇంటి వెనక మెట్లు

కొత్త పెయింటు వాసన తగిలితే నాకు ఆకలి వేస్తుంది. మొన్న ఆదివారం కమ్మింగ్ అనే ఊళ్ళో కిరణ్, స్రవంతి అద్దెకివ్వడానికి కొనుక్కున్న ఇంటి తలుపు తీయగానే అదే జరిగింది. కిరణ్ నాతో ఆఫీసులో పనిచేస్తాడు, స్రవంతి అతని భార్య. ఇద్దరికీ ముప్ఫై నిండలేదు, ఇదే వాళ్ళ మొదటి అద్దె ఇల్లు. "అక్కా, మీకు రెండు అద్దె ఇళ్ళున్నాయి కదా, ఒకసారి వచ్చి ఏమేం చూసుకోవాలో చెప్పండి" అని రెండు వారాలుగా అడుగుతున్నాడు. నేను లోపలికి వెళ్ళి, హాలు దాటి, వంటిల్లు దాటి, వెనక డెక్ మీదికి పోయి, మెట్ల పక్కనున్న రెయిలింగ్‌ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాను. "వంటిల్లు చూడరా అక్కా, కౌంటర్లన్నీ కొత్తవి వేయించాం" అంది స్రవంతి. చూస్తాను, ముందు ఇది చూడనీ అన్నాను.

నాకు ఐదేళ్ళప్పుడు మేము అమెరికాలో హెర్న్‌డన్ వచ్చాం. నాన్న మొదట కొన్నది మూడు గదుల చిన్న ఇల్లు, ముందు ఒక డాగ్‌వుడ్ చెట్టు, వెనక చెక్క డెక్, డెక్ నుంచి పెరట్లోకి ఏడు మెట్లు. నాకు తొమ్మిదేళ్ళు వచ్చాక కాస్త పెద్ద ఇంటికి మారాం గానీ నాన్న పాతదాన్ని అమ్మలేదు, అద్దెకిచ్చాడు. అప్పట్నుంచి మా శనివారాలు ఆ ఇంటివి. మిగతా పిల్లలు కార్టూన్లు చూసే వేళకి నేను కారు వెనక సీట్లో పెయింటు డబ్బాలకీ అమ్మ కట్టిన పులిహోర గిన్నెకీ మధ్య కూర్చుని ఉండేదాన్ని. ఒకళ్ళు ఖాళీ చేసి ఇంకొకళ్ళు వచ్చేలోపు ఉండే ఆ వారం పది రోజులు నాకు పండగ. సామాన్లు లేని గదుల్లో అరిస్తే గొంతు తిరిగి వచ్చేది, మేజోళ్ళతో పరిగెత్తుకొచ్చి చెక్క నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా జారేదాన్ని, నాన్న రోలరుతో గోడలకి రంగు వేస్తుంటే అమ్మ గోడల అడుగున బేస్‌బోర్డుల మీద మరకలు తుడిచేది, మధ్యాహ్నం ముగ్గురం నేల మీద పాత పేపర్లు పరుచుకుని, పచ్చి పెయింటు వాసనలో, పులిహోరా పెరుగన్నమూ తినేవాళ్ళం. నా ఆకలికి కారణం అదే.

ఆ ఇల్లు నాకు రుతువులు నేర్పింది. ఏప్రిల్‌లో డాగ్‌వుడ్ తెల్లగా పూసేది, ఉగాదికి వేపపూత దొరక్క అమ్మ పచ్చడిలో కాకరకాయ ముక్క వేసి సరిపెట్టిన చేదు నోట్లో ఉండగానే వెళ్ళి కిటికీల దోమతెరలు కడిగేవాళ్ళం. ఎండాకాలం ఉక్కలో ఏసీ ఫిల్టర్ మార్చడం నా పని, పాత ఫిల్టరుకి పట్టిన దుమ్ము బూడిదరంగు దుప్పటిలా ఒకే ముక్కగా ఊడొచ్చేది. వినాయక చవితి వెళ్ళాక ఆకులు రాలడం మొదలయ్యేది, చూరు కింది గట్టర్లలో తడిసి కుళ్ళిన ఆకుల్ని నాన్న నిచ్చెనెక్కి పిడికిళ్ళతో తీసి కిందకి పడేస్తే, వాటి నుంచి నానబెట్టి మర్చిపోయిన మినప్పప్పు వాసన వచ్చేది. మంచు పడిన రోజున మా ఇంటి ముందు తవ్వకముందే వెళ్ళి అక్కడ దారి తవ్వేవాళ్ళం.

నాన్నకి కొన్ని పద్ధతులుండేవి. ఇంట్లోకి రాగానే ప్రతి సింకు కింద టార్చి వేసి చెయ్యి పెట్టి తడి చూసేవాడు. ఫ్లష్ నొక్కి, నీళ్ళు ఆగిన చప్పుడు వినేదాకా కదిలేవాడు కాదు. పొగ అలారం మీట నేనే నొక్కాలి, చెవులు మూసుకుని. ఇల్లు అడిగి వచ్చిన ప్రతివాళ్ళనీ అవే నాలుగు ప్రశ్నలు అదే వరసలో అడిగేవాడు, మనవాళ్ళయినా సరే, ఎదుటి మనిషి నచ్చినా సరే. తాళాలిచ్చే ముందు ప్రతి గదినీ నాలుగు మూలల నుంచీ ఫోటో తీసి, కాయితం మీద సంతకం పెట్టించుకునేవాడు. నీళ్ళు కారుతున్నాయని ఫోనొస్తే మాత్రం అన్నం ముందు నుంచి కూడా లేచి వెళ్ళేవాడు. "నీళ్ళు ఆగవు, మిగతావి ఆగుతాయి" అనేవాడు. అప్పట్లో అలా అనేవాడు.

మిస్ లొరెటా మా మూడో టెనెంట్. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, భర్త పోయాడు, అరవై దాటాయి. మనుషుల్ని చూసేటప్పుడు బస్సు అద్దంలోంచి పిల్లల్ని చూసినట్టు గడ్డం కాస్త పైకెత్తి చూసేది. వెనక పెరట్లో నాలుగు పిట్టల గూళ్ళు వేలాడదీసి, రోజూ పొద్దున్నే పెద్ద డబ్బాతో గింజలు తీసుకెళ్ళి నింపేది. మేము గట్టర్లు తీయడానికి వెళితే నన్ను లోపలికి పిలిచి ఏ పిట్ట ఏదో ఒక పుస్తకంలో బొమ్మలు చూపించేది. అమ్మ ఒకసారి ఆవిడకి నిమ్మకాయ పులిహోర ఇచ్చింది. తర్వాత వెళ్ళినప్పుడు ఆ గిన్నె నిండా మొక్కజొన్న రొట్టె పెట్టి తిరిగిచ్చింది. అప్పట్నుంచి ఆ గిన్నె రెండిళ్ళ మధ్య తిరుగుతూ ఉండేది. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం, వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఏమన్నా చెప్పుకోవాలంటే మధ్యలో నేనుండేదాన్ని. నాకు పదకొండేళ్ళు.

ఆ దసరా రోజుల్లో ఒక సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తింది నేనే. వెనక మెట్ల రెయిలింగ్ వదులైంది, మీ నాన్నకి చెప్పు, తొందరేం లేదు అంది. చెప్పాను. నాన్న ఫ్రిజ్ మీద పనుల కాయితంలో రాసుకున్నాడు. ఆ శనివారం తెలుగువాళ్ళ దసరా కార్యక్రమంలో నా డాన్సు. తర్వాతి శనివారం మేరీలాండ్‌లో ఎవరిదో పుట్టినరోజు. మూడో శనివారం పొద్దుట్నుంచీ వాన. బుధవారం పొద్దున మిస్ లొరెటా గింజల డబ్బాతో మెట్లు దిగుతుంటే రెయిలింగ్ ఊడి చేతిలోకి వచ్చింది. ఏడు మెట్ల మీంచీ దొర్లి పడింది. తుంటి ఎముక విరిగింది. పక్కింటాయన ఆంబులెన్స్‌ని పిలిచి, ఆ తర్వాత మాకు ఫోన్ చేశాడు.

నాన్న ఆ సాయంత్రమే మేకులూ డ్రిల్లూ తీసుకుని బయల్దేరాడు గానీ ఇన్సూరెన్సు మనిషి ఏమీ ముట్టుకోవద్దన్నాడు, తాము వచ్చి ఫోటోలు తీసుకునేదాకా. మెట్లకి అడ్డంగా పసుపు టేపు కట్టారు. రెండు వారాలు ఆ రెయిలింగ్ గడ్డిలో అలాగే పడి ఉంది. ఆ ఇన్సూరెన్సు మనిషి ఇంకో మాట కూడా చెప్పాడట. నాన్న భోజనాల దగ్గర మాకు ఆ మాట చెప్పాడు, ఇమ్మిగ్రేషన్ ఇంటర్వ్యూకి ముందు జాగ్రత్తలు చెప్పిన గొంతుతోనే.

"ఆవిడతో ఎవరూ మాట్లాడొద్దు. సారీ అని అసలనొద్దు. అంటే తప్పు ఒప్పుకున్నట్టు. ఫోనొస్తే నాకివ్వండి."

"మనిషి ఆస్పత్రిలో ఉంటే చూడ్డానిక్కూడా వెళ్ళొద్దా?" అంది అమ్మ.

నాన్న అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలిపిందే మళ్ళీ కలిపాడు.

అప్పుడు నాకేమనిపించిందో గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఏమీ అనిపించినట్టు గుర్తులేదు. బడికి వెళ్ళాను, వచ్చాను, లెక్కలు చేసుకున్నాను. ఫ్రిజ్ మీద కాయితం మారిపోయింది, ఎవరు మార్చారో చూడలేదు.

నవంబరులో ఒకరోజు అమ్మ నన్ను బడి నుంచి తీసుకుని ఇంటికి కాకుండా కారు మరో వైపు తిప్పింది. మిస్ లొరెటాకి నడక నేర్పిస్తున్న చోటుకి. నాన్నకి చెప్పలేదని అడక్కుండానే తెలిసింది. ఆ గదిలో బట్టల సబ్బు వాసనా ఉడికిన బీన్స్ వాసనా కలిసి ఉన్నాయి. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో, కాళ్ళ మీద దుప్పటితో, ఉన్నదానికన్నా చిన్నగా కనిపించింది. మమ్మల్ని చూసి గడ్డం ఎత్తింది. అమ్మ పులిహోర గిన్నె బల్ల మీద పెట్టి, ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, నా వైపు చూడకుండానే తెలుగులో అంది:

"చెప్పమ్మా. తప్పు మాదే, చెప్పిన వెంటనే చేయించాల్సింది చేయించలేదు, నన్ను క్షమించమని అడుగుతున్నానని చెప్పు."

నాకు నాన్న మాట గుర్తుంది. అదొక్కటే గుర్తుంది. "మీరు తొందరగా కోలుకోవాలని అమ్మ కోరుకుంటోంది" అన్నాను ఇంగ్లీషులో.

మిస్ లొరెటా నన్ను చూడలేదు, అమ్మనే చూసింది. "ఆవిడ ఇంతకన్నా ఎక్కువే చెప్పినట్టుందే, హనీ" అంది.

"అంతే" అన్నాను.

సారీ అనే మాట అమ్మకి రాక కాదు. సూపర్‌మార్కెట్‌లో బండి తగిలినా అనే మాట అది. అమ్మ చెప్పాలనుకున్నది అంత చిన్నది కాదు కాబట్టే నాకు అప్పజెప్పింది. ఆ సారీ అయినా నా నోట రాలేదని అమ్మకి తెలిసే ఉంటుంది. కారులో కూర్చున్నాక "ఏం చెప్పావు?" అని అడిగింది. నువ్వు చెప్పిందే అన్నాను. అమ్మ సీటు బెల్టు పెట్టుకుంది. 

మిస్ లొరెటా మా మీద కేసు వేయలేదు. ఆస్పత్రి ఖర్చులు ఇన్సూరెన్సు చూసుకుంది. మెట్లున్న ఇంట్లో ఇక ఉండలేనని టెనెసీలో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. సామాను తీసుకెళ్ళడానికి కొడుకు వచ్చాడు, పిట్టల గూళ్ళు కూడా తీసుకెళ్ళాడు. నాన్న అతనితో కలిసి గది గదికీ తిరిగి, ఎప్పట్లాగే నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీశాడు. ఇల్లు శుభ్రంగా ఉంది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఆ వారం మేము గోడలకి రంగు వేశాం, నేను మేజోళ్ళతో జారాను కూడా.

తర్వాత నాన్న ఇంకో రెండు ఇళ్ళు కొన్నాడు. ఏ ఫోనొచ్చినా, ఆ పూటే వెళ్ళేవాడు, నీళ్ళయినా, తలుపు గొళ్ళెమైనా. పార్టీల్లో కొత్తగా ఇళ్ళు కొన్న అంకుల్స్ చుట్టూ చేరితే, ముందు రెయిలింగ్‌లు చూడండి, ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే ఖర్చు భరించే లయబిలిటీ ఇన్సూరెన్సు తక్కువ చేసుకోకండి అనేవాడు. ఎందుకో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

కిరణ్‌కి నేనూ అవే చెప్పాను. ఏడాదికి రెండుసార్లయినా స్వయంగా వెళ్ళి చూడు, ఫోటోలు తీసి పెట్టుకో, అందరినీ ఒకే ప్రశ్నలు అడుగు, తొందరేం లేదని టెనెంట్ అన్నా నువ్వు తొందరపడు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోన్ చెయ్యి, ఏం మాట్లాడొచ్చో అడుగు, కానీ వెళ్ళి చూడు అన్నాను. బాధపడుతున్నానని చెప్పడం వేరు, తప్పు నాదేనని ఒప్పుకోవడం వేరు, మొదటిది మీరు అప్పుడే చెప్పి ఉండొచ్చు అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసిన లాయరొకాయన నాతో అన్నాడు. అది విన్నప్పుడూ నాకేమీ అనిపించలేదు. కిరణ్ ఫోన్లో రాసుకుంటూ "వెళ్ళి చూడడం ఎందుకక్కా, అదేమన్నా రూలా?" అని అడిగాడు. కాదన్నాను.

నా రెండిళ్ళలో ఉన్నవాళ్ళు ఏం కావాలన్నా యాప్‌లో రాస్తారు, నేను ప్లంబర్‌ని పంపిస్తాను. వాళ్ళింట్లో ఏం వండుకుంటారో నాకు తెలియదు. హెర్న్‌డన్ ఇంటిని నాన్న అమ్మేశాక కొన్నవాళ్ళు పడగొట్టారు, డాగ్‌వుడ్ కూడా పోయింది, అక్కడిప్పుడు నాలుగంతస్తుల ఇళ్ళున్నాయి. మిస్ లొరెటా నుంచి మాకు ఏ కబురూ రాలేదు, మేమూ పంపలేదు.

మిస్ లొరెటా పడిన తర్వాతి జనవరిలో అమ్మ లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసుకి చేరింది. నాన్న ఆశ్చర్యపోయాడు. వానకీ మంచుకీ మానకుండా వెళ్ళింది. ఏడాది తిరిగేసరికి డాక్టరుతో, బ్యాంకులో, నా బడి టీచర్లతో తనే మాట్లాడడం మొదలుపెట్టింది. తప్పులతోనే, ఆగి ఆగి, మాట దొరికేదాకా ఎదుటివాళ్ళని నిలబెట్టి మరీ మాట్లాడేది. నేను పక్కనే ఉండేదాన్ని. నాకు తెలిసిన మాట కోసం అమ్మ వెతుక్కుంటున్నా నా వైపు తిరిగేది కాదు. ఆ నవంబరు తర్వాత ఇన్నేళ్ళలో, తన తరఫున చెప్పమని అమ్మ నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.