పడుగు దాటిన చెల్లెలు

మా చెల్లెలు హర్డిల్స్‌లో జాతీయ ఛాంపియన్. పేపర్లో దాని ఫొటో వచ్చినప్పుడల్లా మా వేలూరు తొరపాడి వీధిలో ఎవరో ఒకరు నన్ను ఆపి, "ఆమె అక్క మీరే కదా?" అని అడుగుతారు. అవును, నేనే. నాకంటూ ఒక పేరు ఉన్నట్టు ఈ వీధిలో ఎవరికీ గుర్తులేదు. చెల్లెలు గెలిస్తే కళ్లలో నిప్పులు పోసుకునే అక్క ఉంటుందా అని మీరు అడగొచ్చు. ఉంటుంది. తొరపాడిలోనే ఉంటుంది, ఇడ్లీ పిండి రుబ్బుకుంటూ.

మేం గుడియాత్తంలో పుట్టాం. ఇంట్లో మాట్లాడింది తెలుగు, బడిలో చదివింది తమిళం, ఇల్లు గడిచింది లుంగీల మగ్గం మీద. ఆ బడిలో పరుగంటే నేనే. చెల్లెలు నా వెనక రొప్పుతూ వచ్చేది, అదీ నేను పరిగెత్తుతున్నాను కాబట్టి. వేలూరు క్రీడా హాస్టల్‌కు పిల్లల్ని ఎంపిక చేస్తున్నారని తెలిసి, పీటీ సారు నా ఒక్కదానికే చెప్పారు. రోజూ గుడ్డు పెడతారని, బూట్లు ఇస్తారని ఊరించారు. నాయన కూడా సరేనన్నాడు.

ఎంపిక రోజు రానే వచ్చింది. దాంతోపాటు ఎండా వచ్చింది. చిక్కంతా ఆ ఎండతోనే. అంతకుముందు ముసురు పట్టి మా వీధిలో ఎవరూ పడుగు పరచలేదు. పడుగంటే మగ్గానికి ఎక్కించే పొడుగు దారాలు. వాటిని వీధి పొడుగునా నడుమెత్తున చాపి, గంజి పట్టించి, ఆరేలోపల కుంచెతో దువ్వాలి. చెరో పక్క ఒకరు నిలబడి ఒకే వేగంతో దువ్వుకుంటూ పోవాలి. ఒకసారి గంజి తగిలిందంటే ఏం ముంచుకొచ్చినా ఆపకూడదు. ఆపితే దారాలు అతుక్కుపోయి పడుగంతా పాడవుతుంది. ఆ పొద్దు ఎండ చూడగానే నాయన నా సంగతి మరిచి గంజి కలిపేశాడు. ఒక పక్క ఆయన, ఇంకో పక్క నేను. చెల్లెలికి కుంచె పట్టడం రాదు. పని తప్పించుకు తిరగడం మాత్రం చిన్నప్పటినుంచీ బాగా వచ్చు.

సారు బండి మీద వచ్చేసరికి మేం సగం పడుగు దగ్గర ఉన్నాం. ఆయన నాయన పక్కన ఆగారు.

"నాయనా, సారు వచ్చినాడు," అన్నాను.

"కనబడతానే ఉండాది. ఇప్పుడు చెయ్యి ఆపితే పడుగు పోతాది మే. రొంతసేపు ఉండమను."

సారు ఉండలేనన్నారు. ఆలస్యమైతే అక్కడ పేర్లు రాసుకోరట. నేను కుంచె వదల్లేదు. మగ్గం ఇంట్లో పుట్టిన ఏ పిల్లా వదలదు.

అప్పుడు మా చెల్లెలు అరుగు మీంచి లేచి, "నేను పోతా," అంది. అది పడుగుకు నా వైపు ఉంది, సారు అవతల నాయన వైపు ఉన్నారు. అటు పోవాలంటే పడుగు చివరిదాకా నడిచి చుట్టు తిరగాలి. మావాళ్లు పసిబిడ్డను దాటరు, పడుగును అసలే దాటరు. ఇది పరికిణీ ఎత్తి పట్టుకుని ఒక్క దూకు దూకింది. ఒక్క దారం కదల్లేదు.

"యాడికిమే ఆ దూకేది! పడుగు దాటుతావా, నీ కాళ్లిరగ!" అని నాయన అరిచాడు. వీధంతా నోరు నొక్కుకుంది. సారు మాత్రం పడుగు ఎత్తు చూసి, దాని కాళ్లు చూసి, "సరి, వండీలె ఏరు," అని తమిళంలో బండెక్కమంటూ వెనక సీటు తట్టారు. బండి వెళ్లిపోయింది. నేను దువ్వుతూనే ఉన్నాను.

ఆ తర్వాతి కథ పేపర్లలో ఉంది. జిల్లా, రాష్ట్రం, దేశం, రైల్వేలో ఉద్యోగం, మోకాలికి ఆపరేషన్, మళ్లీ వచ్చి మళ్లీ పతకం. పేపర్లలో లేనిది నేను చెబుతాను. అది సెలవులకు వస్తే అమ్మ గుడ్లన్నీ దాని కంచంలోనే వేసేది. అదేమంటే, "అది పరిగెత్తే బిడ్డ కదమ్మా," అనేది. నేనేమో కూర్చునే బిడ్డను. అది తొడిగి వదిలేసిన బూట్లు నాకు తెచ్చి ఇచ్చేది, ఇద్దరి కాళ్లూ ఒకటే కొలత కాబట్టి. పుండు మీద కారం చల్లడమంటే అదే. తర్వాత నన్ను తొరపాడిలో ఒక తాపీమేస్త్రీకి ఇచ్చారు. వేలూరు పోవాలని ఎంత ఏడ్చానో, ఆఖరికి అలా చేరాను.

అన్నిటికన్నా నన్ను కాల్చింది ఆ పడుగు కథ. ఎవరు అడిగినా, "నా మొదటి హర్డిల్ మా ఇంటి పడుగే," అని నవ్వుతుంది. విన్నవాళ్లూ నవ్వుతారు. ఆ కథలో సారు ఉంటారు, నాయన తిట్లు ఉంటాయి, ఎండ కూడా ఉంటుంది. కుంచె పట్టుకున్న మనిషే ఉండదు. సారు ఎవరి కోసం వచ్చారో నలుగురి ముందు ఒక్కసారి చెబితే చాలు, ఇంకేమీ వద్దనుకునేదాన్ని. కానీ అడిగి చెప్పించుకుంటే ఏం విలువ? అందుకే ఎప్పుడూ అడగలేదు.

మొన్న గుడియాత్తంలో, మేం చదివిన బడిలోనే దానికి సన్మానం చేశారు. పట్టుచీర కట్టుకుని బస్సెక్కి పోయాను. ముందు వరసలో కూర్చోబెట్టారు. చెల్లెలు మైకు పట్టుకుని తమిళంలో మొదలుపెట్టింది. పడుగు వచ్చింది, ఎండ వచ్చింది, సారు వచ్చారు. అక్కడ ఆగింది.

"ఆ రోజు సారు వచ్చింది నా కోసం కాదు, మా అక్క కోసం," అంది. "ఈ బడిలో నేను ఆమెను ఒక్కసారి కూడా గెలవలేదు. ఆమె కుంచె వదల్లేదు కాబట్టే నేను దూకగలిగాను." ఆ పైన నా వైపు తిరిగి తెలుగులో, "లెయ్యక్కా, అందరికీ కనబడు," అంది.

లేచాను. చప్పట్లు మోగాయి. కాసేపు నిజంగా నేనే గెలిచినట్టు అనిపించింది. కూర్చున్నాక కూడా అవి ఆగలేదు. తల తిప్పి చూస్తే అందరూ చూస్తున్నది వేదిక వైపు. పక్కనున్న పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత పెద్ద మనసమ్మా మీ చెల్లెలికి! ఇంత ఎత్తుకు పోయినా అక్కను మరిచిపోలేదే!"

నాకు ఒళ్లు మండింది. దాన్ని ఓడించానన్నది ఇన్నేళ్లూ నాకున్న ఒకే ఒక్క గెలుపు. ఆ ఒక్కటీ మైకులో చెప్పి, అక్కడ కూడా తనే గెలిచింది.

చెల్లెలు వేదిక దిగి వచ్చి, మెడలో దండ తీసి నా ఒళ్లో పెట్టి, పక్కన కూర్చుంది.

"బాగా చెప్పినానా అక్కా?" అని నా చెవిలో అడిగింది.

"నువ్వేం చేసినా బాగానే చేస్తావులేమ్మా," అన్నాను.