కుండమార్పిడికి నేనే దొరికాను

ఆత్మకూరులో నేను పనిచేసే టైలర్ షాపుకు ఈ రోజు మధ్యాహ్నం మా పెద్దమ్మ వచ్చింది. చేతిలో జాకెట్ గుడ్డ ఉంది గానీ, వచ్చిన పని వేరే అని మొహం చూస్తేనే తెలిసింది. వాళ్లకు గొర్రెల మంద ఉంది, ముగ్గురు కొడుకులున్నారు. పెద్దన్నకు ముప్పై దాటినా పెళ్లి కాలేదు. మా చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా పెళ్లికాని మగవాళ్లే, ఇవ్వడానికి ఆడపిల్లలు లేరు.

"వింజమూరు సంబంధం కుదిరేటట్టుండాది పాపా. కాకపోతే వాళ్లు కుండమార్పిడి అంటుండారు. వాళ్ల పిల్లను మనకిస్తే, మన పిల్లను వాళ్ల అబ్బాయికి ఇయ్యాలంట" అంది.

"మీ ఇంట్లో ఆడపిల్ల యాడుండాది పెద్దమ్మా?"

"నువ్వుండావు గదా."

మిషన్ ఆపాను. ఆమె స్కానింగ్‌లో ఆడపిల్లని తెలుసుకుని రెండు సార్లు కడుపు తీయించుకున్న సంగతి మా ఇళ్లలో అందరికీ తెలుసు.

"మందలో ఆడపిల్ల పుడితే ఉంచుకుంటారు, పొట్టేలు పిల్లనైతే అమ్ముతారు. ఆడవి లేకపోతే మంద నిలబడదని తెలిసినోళ్లు, ఇంట్లో ఎందుకట్ట చేసినారు?" అన్నాను.

ఆమెకు కోపం కూడా రాలేదు. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మను గూడా స్కానింగ్‌కు రమ్మన్నా. రాలేదు. మంచిదే అయింది, ఇప్పుడు అక్కరకొచ్చినావు" అంది.

ఈ మాటకు నవ్వాలో ఏం చేయాలో మీరే చెప్పండి. నేనైతే కొలతలు తీసుకుని, జాకెట్ సోమవారం ఇస్తాను, నన్ను మాత్రం ఇవ్వను అని చెప్పి పంపించాను.