అన్నకు నేనెంచిన ఇంజన్

నాకు స్పార్కు ప్లగ్గు చూడడం నేర్పిన మనిషికి నేనొక సలహా ఇచ్చాను. ఇంజన్ల సంగతి వరకైతే ఇప్పుడడిగినా అదే చెబుతాను. మనిషిని చూడకుండా చెప్పాను, అదే నా తప్పు.

పందొమ్మిదివందల యాభైల చివర్లో నెల్లూరులో లారీలు ఆగే వీధిలో ఇద్దరం ఒకే షెడ్డులో మెకానిక్కులం. నాకు ఇరవై రెండేళ్లు, ఆయనకు నలభై దాటాయి. మాది రేకుల పని చేసుకునే ముస్లిం కుటుంబం. ఆయన మనుబోలు దగ్గరి పల్లెలో వరి పండించే ఇంటివాడు. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన అబ్బయా అనేవాడు.

ప్లగ్గు విప్పగానే తుడవబోతే నా చెయ్యి పట్టుకునేవాడు. తుడిస్తే అది చెప్పే మాట పోతుందనేవాడు. మొన బిస్కెట్టు రంగులో ఉంటే ఇంజన్ కులాసాగా ఉన్నట్టు. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. నూనె తడి ఉంటే లోపల రింగులు అరిగాయి. తెల్లగా కాలిపోయిందా, బండిని అక్కడే ఆపెయ్యాలి. ఇవన్నీ చూశాకే ఇనుప తీగల బ్రష్షు, పెట్రోలు, చివర ఉప్పుకాగితంతో రుద్దడం. మళ్లీ బిగించేటప్పుడు మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పించేవాడు. మరలో ఏ కాస్త ఇసుక ఉన్నా వేళ్లకు తెలుస్తుంది, స్పానరుకు తెలియదట.

ఇంకో అలవాటు ఉండేది. ఇంజన్ నడుస్తుండగా పెద్ద స్క్రూడ్రైవరు మొన దాని మీద ఆనించి, పిడి పళ్లతో కరిచి పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. మేమంతా పిడి చెవికి ఆనించి వినేవాళ్లం. ఆయనది వేరే పద్ధతి అనుకున్నానే తప్ప ఎందుకని అడగలేదు.

నాలుగైదేళ్లకు నేను సొంత షెడ్డు వేసుకున్నాను. ఆయన మెకానిక్కు పని మానేసి పాత పికప్పు వ్యాను ఒకటి కొన్నాడు. సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లోని సరుగుడు తోటల నుంచి నెల్లూరు హోటళ్లకు కట్టెలు తోలాలని ఆయన ఆలోచన. బండి బాడీ గట్టిది, ఇంజనే చచ్చిపోయింది. వేరే ఇంజన్ ఎంచుకోవడానికి వదినను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

షెడ్డులో రెండు ఇంజన్లున్నాయి. ఒకటి మిలిటరీ వాళ్లు వదిలేసిన బండిలోంచి తీసిన పెట్రోలుది, రెండోది కొత్తరకం డీజిలుది. ఆయన నేరుగా పెట్రోలు ఇంజన్ దగ్గరికి పోయి, ఒక ప్లగ్గు విప్పి వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇది చాలు అబ్బయా," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. సముద్రపు గాలికి ప్లగ్గు వైర్లు చెమ్మగిల్లి పొద్దున్నే స్టార్టు కాదన్నాను. డీజిలు చవక, దానికి ప్లగ్గుల బాధే లేదు, బరువు లాగుతుంది అని వరసగా చెప్పాను. ఆయన నా మొహం వైపే చూస్తూ విన్నాడు. శ్రద్ధగా వింటున్నాడనుకున్నాను.

"ప్లగ్గుంటే విప్పి చూసుకుంటా. దీంట్లో చూసేదానికి ఏముండాది?" అన్నాడు.

"చూసే పనే లేదన్నా. శబ్దం వింటే చాలు, అన్నీ తెలిసిపోతాయి."

వదిన కూడా డీజిలుకే మొగ్గింది. ఆయన ప్లగ్గును మళ్లీ వేళ్లతో బిగించి, నీ ఇష్టమే కానివ్వు అన్నాడు. వారం రోజుల్లో డీజిలు ఇంజన్ ఎక్కించి ఇచ్చాను.

ఆరు నెలలు బాగానే తిరిగింది. తర్వాత ఒక మధ్యాహ్నం మనుబోలు దాటాక రోడ్డు మీద బండి ఆగిపోయిందని కబురొస్తే పనిముట్లు తీసుకుని పోయాను. విప్పి చూస్తే డీజిలు చిమ్మే నాజిల్ ఒకటి చెడిపోయి, పిస్టన్ తల కరిగి చిల్లు పడి ఉంది. అది ఒక్కరోజులో జరిగేది కాదు. కనీసం నాలుగు రోజులు ఇంజన్ సుత్తితో బాదినట్టు మోగి ఉండాలి. నల్ల పొగ వెనకాల కట్టెల చాటున పోయినా, ఆ మోత పొలాల్లో వాళ్లకు కూడా వినబడి ఉంటుంది.

నాకు ఒళ్లు మండింది. తల బండి కిందే పెట్టుకుని, ఇన్నేళ్లు పనిచేసిన మనిషివి, ఇంత మోత వినబడలేదా అని అడిగాను. బదులు రాలేదు. గట్టిగా అడిగాను. అప్పుడూ రాలేదు. బయటికొచ్చి చూస్తే ఆయన మూడడుగుల దూరంలో నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు. నేను లేచింది కూడా ఆయనకు తెలియదు.

భుజం తట్టాను. ఉలిక్కిపడి నా పెదాల వైపు చూశాడు.

"అన్నా, నీకు చెవులు..."

"పోయి చానా దినాలైంది," అన్నాడు. "మీ వదినకు కూడా సగమే తెలుసు. స్క్రూడ్రైవరు పళ్లతో పట్టుకుంటే అప్పట్లో కొంచెం తెలిసేది. పెట్రోలుదైతే నున్నగా తిరుగుతాది, తేడా వస్తే చేతికి తెలుస్తాది, ప్లగ్గు చూసుకుంటా. ఇది ఎప్పుడూ వణుకుతానే ఉంటాది."

"ఆరోజే ఎందుకు చెప్పలేదు?"

"చెవిటోడికి బండెందుకు అంటావని."

ఆ పెట్రోలు ఇంజన్ ఇంకా షెడ్డులోనే ఉంది, రేపే ఎక్కిస్తానన్నాను. చేతులు కూడా పట్టుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇంజన్ అరిస్తే ఇనపడలేదు. రేపు దారిలో మనిషి అరిస్తే? ఇంక నేను తోలకూడదు అబ్బయా."

బండిని అక్కడి నుంచి ఒక లారీకి కట్టి లాక్కొచ్చాం. ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. వ్యాను అమ్మేసి ఊరికి వెళ్లిపోయాడు.

క్షమించమని అడగడానికి ఎండాకాలం ముందు వాళ్ల ఊరికి పోయాను. అప్పటికి పెదాలు చూసి పోల్చుకునేంత కూడా వినబడటం లేదు, దగ్గర నిలబడి అరిస్తే తప్ప. రాసి చూపిద్దామంటే ఆయనకు చదువు రాదు. ఇంటి నిండా మనుషులున్నారు. ఆ మాట అరిచి ఎలా చెప్పను? పొలానికి పోదాం రమ్మని ఆయనంటే వెంట నడిచాను. ఆయన వంగి నీళ్లు పారే మడవకు మట్టి వేస్తున్నప్పుడు, వెనక నిలబడి, మామూలు గొంతుతో చెప్పాల్సిందంతా చెప్పాను. ఆయన వెనక్కి తిరిగాడు.

"ఏమన్నా అన్నావా?"

"ఎండ ఎక్కువగా ఉంది అన్నా," అని అరిచాను.

"ఔను, ఒక వాన పడాల," అన్నాడు.

ఆ వానాకాలంలోనే జ్వరంతో పోయాడు. నాకు కబురు అందేసరికి మూడు రోజులైంది.