మణికట్టుకు రాసిన సారా

మలికిపురం దగ్గర మా కొబ్బరి కొట్టులో కాయలు వలిచే పని చేసిన ఒకతని గురించి ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. తాగి పనిలోకి వచ్చి కాయలు పాడుచేశాడని, అందుకే షావుకారు వెళ్లగొట్టారని. అది అబద్ధం. దానికి సాక్ష్యం చెప్పింది నేనే. అతను చనిపోయి నాలుగేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు నిజం చెప్పడానికి నాకు పెద్ద ధైర్యం కూడా అక్కర్లేదు.

డెబ్బైల చివర నేనక్కడ గుమాస్తాను. ముప్పై దాటినవాణ్ణి. ఎవరు వలవాలో, ఎవరు కాయలు ఏరాలో చెప్పడం నా పని. భూమిలో పాతిన గునపం మొనకు కాయను గుచ్చి, చెయ్యి మెలితిప్పి పైనున్న పీచు డొక్క విరవాలి. చూసేవాళ్లకు బలమంతా భుజంలో ఉన్నట్టుంటుంది. కానీ భారమంతా మణికట్టు మీదే పడుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే తిప్పు. అతను మిగిలినవాళ్ల కంటే వేగంగా వలిచేవాడు. ఎంత పని ఉంటే అంత పనికీ అతన్నే నిలబెట్టేవాణ్ణి.

ఒక వేసవిలో అతను మధ్యమధ్య పని ఆపి కుడిచెయ్యి విదిలించడం మొదలుపెట్టాడు. పక్కవాళ్లు ఊరుకుంటారా?

"ఏం బావా, ఎవరికి టాటా చెబుతున్నావు?"

"నీకేరా. ఎప్పుడు కదుల్తావా అని చూస్తన్నాను."

ఒకరోజు అన్నాల వేళ అతను నా దగ్గరికొచ్చాడు.

"గుమాస్తా గారండీ, బొటనవేలూ పక్క రెండు వేళ్లూ తిమ్మిరెక్కిపోతున్నాయండీ. తెల్లారగట్ల మరీనండీ. చెంబు పట్టుకుంటే జారిపోతోంది. కొన్నాళ్లు నన్ను కాయలు ఏరే పనిలో పెట్టండి."

"కాస్త నూనె రాసుకోలేకపోయావా?"

"నూనె చేత్తో గునపం దగ్గరికెలా వస్తానండీ? కాయ జారితే మొన అరిచేతిలో దిగిపోద్ది."

నిజమే. అప్పుడు నేనే చెప్పాను, సారాలో కర్పూరం కలిపి రుద్దుకోమని. జిడ్డుండదు, ఇట్టే ఆరిపోతుంది. మా నాన్నగారి మోకాళ్లకు మా ఇంట్లో చేసే వైద్యం అది. పని మార్చే సంగతి షావుకారు గారితో మాట్లాడతానన్నాను.

"ఆయ్, మీ దయండీ" అన్నాడు.

కానీ నేను మాట్లాడలేదు. ఆ చెయ్యి ఆగితే లారీ ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే షావుకారు నన్నడుగుతారు. "అడిగేరా అండీ?" అని అతను రెండుసార్లు గుర్తుచేశాడు. రేపన్నాను. మూడోసారి అడగలేదు. మణికట్టుకు గుడ్డపేలిక బిగించి కట్టుకుని పని చేసుకుపోయాడు.

ఒక ఉదయం షావుకారు వచ్చేసరికి అతని ముందు వలిచిన కాయల రాశి తడిగా ఉంది. చెయ్యి పట్టు తప్పి మొన పెంకులోకి దిగిపోతోంది, నీళ్లు కారిపోతున్నాయి. ఆయన అతని దగ్గరికెళ్లి వంగారు. వాసన తగిలింది.

"వీడు తాగొచ్చేడా ఏంటయ్యా?" అని నన్నడిగారు.

అతను నావైపు చూశాడు. ఆ చూపులో బెదురు లేదు. నేనున్నాను కదా అన్న ధీమా ఉంది. సారా రాసుకోమన్నది నేనేనని చెబితే సరిపోయేది. కానీ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది, చెయ్యి బాగాలేదని తెలిసీ అక్కడెందుకు నిలబెట్టావని. మా వైపు పెద్దవాళ్లు ఏమడిగినా ఆలోచనకంటే ముందు ఔనన్నట్టు నోటికొచ్చే మాట ఒకటుంది.

"ఆయ్" అన్నాను.

అతను తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట అతనికంటే ముందు నడిచింది. రాజోలులోనూ అల్లవరంలోనూ ఏ కొట్టువాళ్లూ అతన్ని రానివ్వలేదు. కొన్నాళ్లకు కొత్తపేట బస్సుల దగ్గర కనిపించాడు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. "బాగున్నారా అండీ?" అని పలకరించాడు. నేను నాది కాని బస్సెక్కేశాను.

కిందటేడు నా కుడిచేతికీ తిమ్మిరి పట్టుకుంది. కొట్టు లెక్కలు రాస్తుంటే కలం జారిపోయేది. అమలాపురంలో డాక్టరు గారు మణికట్టు లోపలివైపు వేలితో తట్టారు. వేళ్లలోకి కరెంటు పాకినట్టయింది. లోపల నరం నొక్కుకుపోతోందన్నారు. రాత్రిళ్లు మణికట్టు వంగకుండా బద్ద కట్టుకోమన్నారు, కొన్నాళ్లు రాతపని మానమన్నారు. పైన ఏం రుద్దినా నరం మీద ఒత్తిడి తగ్గదన్నారు.

"మొదట్లోనే పని మార్చుకుంటే పోతుందాండీ?"

"చాలామందికి నెమ్మదిస్తుంది. అశ్రద్ధ చేస్తేనే బొటనవేలి కింద కండ కరిగిపోతుంది. అప్పుడు ఆపరేషనే."

చెయ్యి నయమవుతోంది. కానీ తెల్లవారుజామున తిమ్మిరికి మెలకువ వచ్చినప్పుడు, అతనికీ ఇదే వేళకు వచ్చేది కదా అనిపిస్తుంది. లేచి చెయ్యి విదిలిస్తాను. నేను ఆపాక కూడా గదిలో ఎవరో విదిలిస్తున్నట్టే ఉంటుంది. దీపం వెయ్యను. వేస్తే ఎవరూ ఉండరని తెలుసు, అయినా వెయ్యను.

చివరికి అతని భార్య దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూనే విన్నది.

"ఆ సారా రోజూ రాసింది నేనేనండీ. ఆయన చుక్క ముట్టేవోరు కాదు. అందరికీ చెప్పేను. నా మాటెవరు విన్నారు? మీరు చెప్తే వినేవోరు."

ఆవిడ చేట పక్కన పెట్టింది.

"నాకు తెలిసిందే నాకు చెప్పడం దేనికండీ? కొట్టు కాడ చెప్పండి."

మర్నాడు అన్నాల వేళ కాయలు వలిచేవాళ్లందరి ముందూ చెప్పాను. అతను తాగలేదని, రాసుకోమన్నది నేనేనని, పని మార్చమని అడిగితే నేనే మార్చలేదని. అతని పక్కన పనిచేసిన ముసలాయన, "పోయినోడి సంగతి ఇప్పుడెందుకండీ" అంటూ చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఒక్కొక్కరే గునపాల దగ్గరికి వెళ్లిపోయారు.

నలభై ఏళ్లవాడొకడు మాత్రం అక్కడే నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, కుడి అరచెయ్యి నా ముందు చాపాడు. బొటనవేలి కింద గుంట పడి ఉంది.

"ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లండీ."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే తాగేనంటారనండీ."