నీలిగీత రాని గుడ్లు

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో నేను కడపలో జంతుశాస్త్ర పరిశోధన చేసేదాన్ని. కప్ప పిండంలో మెదడు తయారయ్యేటప్పుడు ఏ జన్యువు ఎక్కడ, ఎప్పుడు పని మొదలుపెడుతుందో చూడటం నా పని. మా అక్క భర్తకు అదొక వేళాకోళం. "ఏం మరదలా, కప్పకు మెదడుంటే నీకేం, లేకుంటే నీకేం?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

వాళ్లది కోసిగి దగ్గర పల్లె. ఆ ఏడు ఆషాఢం వచ్చినా చినుకు లేదు. ఆడవాళ్లు రోకలికి వేపమండలు చుట్టి, మధ్యలో ఒక కప్పను కట్టి ఇల్లిల్లూ తిప్పారు. ప్రతి ఇంట్లోనూ దాని మీద చెంబెడు నీళ్లు పోసి వాన అడిగారు. అక్క కూడా పోసింది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆమెకు అప్పుడే నెల తప్పింది. ఆ తర్వాత కప్పను కుంటలో వదిలారు. వారం తిరక్కుండానే వాన దంచికొట్టింది.

ఊళ్లో బోరింగు ఎప్పుడో ఎండిపోయింది. కుంట నిండగానే అందరూ ఆ నీళ్లనే గుడ్డతో వడగట్టి తాగడం మొదలుపెట్టారు. మా బావతో సహా అందరూ పత్తికి కొట్టే పురుగుమందు డబ్బాలు కడిగేదీ ఆ కుంటలోనే. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ నీళ్లు వద్దని అంటే అక్క అత్తగారు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"కప్పలు గుడ్లు పెడ్తాండాయి, కనపల్లేదా పాపా? నీళ్లలో ఇసముంటే అవి ఈడ యాల పెడ్తాయి? కప్పతల్లి ఇచ్చిన నీళ్లివి."

ఊరందరిదీ అదే మాట. మొక్కిన కప్ప ఆ నీళ్లలో ఉంది, కాబట్టి వాటికి దోషం అంటదు. గుడ్లు పెట్టడం అందరూ చూశారు. ఆ గుడ్లు చివరికి ఏమవుతాయో చూసే ఓపిక ఎవరికుంది?

ఒళ్లంతా బుడిపెలుండే కప్పలు జిగురు దండల్లా గుడ్లు పెడతాయి. ఒక దండనూ ఒక క్యాను కుంటనీళ్లనూ కడపకు తెచ్చాను. దండను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను కుంటనీళ్లలో, రెండోదాన్ని మా ప్రయోగశాల నీళ్లలో ఉంచాను. తల్లి ఒకటే, తేడా నీళ్లది.

మెదడు మొదట్లో చదునైన పలకలా ఉంటుంది. కజ్జికాయ మడిచినట్టు దాని అంచులు పైకి లేచి, ఒకదాన్నొకటి అంటుకుని మూసుకోవాలి. ముందరి మెదడును మలిచే జన్యువు ఎక్కడ పనిచేస్తుందో అక్కడ మేం పట్టించే రంగు నీలిగీతగా తేలుతుంది. మా నీళ్లలో పెరిగిన పిండాల్లో గీత దిద్దినట్టు వచ్చింది. కుంటనీళ్ల వాటిలో చాలావాటికి గీతే లేదు. కొన్నింట్లో తుంపులుగా చెదిరిపోయింది. మడత తెరుచుకునే ఉంది.

"రంగు సరిగ్గా పట్టి ఉండదు, మళ్లీ చెయ్యమ్మా" అన్నారు మా గైడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా ఆగలేక అక్కకు ఫోన్ చేసి, ఆ నీళ్లు తాగొద్దన్నాను.

"వేరే నీళ్లు యాడుండాయి మే?" అంది అక్క.

మరో వాన తర్వాత మళ్లీ వెళ్లి గుడ్లు తెచ్చాను. మళ్లీ అదే తెరుచుకున్న మడత. ఈసారి గైడు కూడా సూక్ష్మదర్శినిలో చూసి, తప్పు రంగుది కాదన్నారు. మనిషి పిండంలో ఆ మడత మూసుకునేది చాలా ముందు, కడుపు పండిందని తల్లికి తెలిసీ తెలియని రోజుల్లోనే. అక్కకు అప్పటికి మూడో నెల. మూసుకోవలసింది ఈపాటికి మూసుకునైనా ఉండాలి, తెరుచుకునైనా ఉండిపోయి ఉండాలి. కప్ప వేరు, మనిషి వేరు అని రోజూ నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కరోజూ నమ్మలేదు.

పోరి పోరి ఐదో నెలలో అక్కను కడపకు రప్పించి స్కానింగుకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ అక్క కడుపు మీద మిషను జరుపుతూ, ఒకచోట ఆపి, మళ్లీ వెనక్కి జరిపింది. ఆమె నోరు తెరవకముందే నాకు కనిపించింది. కళ్లు ఉన్నాయి. కళ్లపైన గుండ్రంగా ఉండాల్సిన పుర్రె లేదు. ఆ నీళ్లవల్లే అని నేను ఈనాటికీ రుజువు చేయలేను.

అక్క తెరవైపు చూడనే లేదు. నా ముఖమే చూస్తూ పడుకుంది.

"చెప్పొద్దులే" అంది.

లేచి కూర్చుని, చీర సర్దుకుంది. నేను చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది.

"మా ఊర్లో ఇంగా ఇద్దరుండారు మే, నెల తప్పినోళ్లు. ఈపొద్దే బస్సెక్కి పోయి వాళ్లకు చెప్పు" అంది.