పొడి డబ్బాను నిలదీసిన నర్సమ్మగారు

పోయిన మంగళవారం ఏడో తరగతికి లెక్కలు చెబుతుండగా మా ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. "మేడమ్ గారండీ, మన నర్సమ్మగారు పోయారండీ. పొద్దున్నే గుండెపోటంట" అంది. బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం సంగతి చెప్పకుండా ఆమెను తలుచుకోవడం నాకు చేతకాదు.

మాది నిడదవోలు దగ్గర పల్లె. అక్కడి ఆరోగ్య ఉపకేంద్రంలో ఆమె చాలా ఏళ్లు పనిచేశారు. ఎవరింటికి వెళ్లినా కుర్చీ వేస్తే వద్దని, గర్భిణి మంచం అంచునే కూర్చునేవారు. ముందు చీలమండ మీద బొటనవేలితో నొక్కి, గుంట పడితే ఒంట్లో నీరు చేరిందని చెప్పేవారు. బీపీ ఒకసారి చూసి ఊరుకునేవారు కాదు. మాటల్లో పెట్టి, కాసేపాగి మళ్లీ చూసేవారు. "మొదటిసారి మీ భయం చూపిస్తుందండి. రెండోసారి మీ రక్తం చూపిస్తుంది" అనేవారు.

నా రెండో కాన్పప్పుడు, ఆరో నెలలో, అజీర్తి చేసిందని పట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాను. అక్కడి మందుల కౌంటర్లో ఉన్నాయన ప్రోబయోటిక్ పొడి డబ్బా చేతిలో పెట్టాడు. "ఇందులో మంచి బ్యాక్టీరియా ఉంటుందండి. రోజూ తాగితే మీకు బీపీ, షుగరూ రావు. పుట్టే బిడ్డకి ఏ జబ్బూ చెయ్యదు. ఇక నెలనెలా చెకప్పులంటూ తిరగక్కర్లేదు" అన్నాడు. పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, ఒక్క ప్రశ్నయినా వెయ్యకుండా నమ్మేశాను. నెలన్నర పాటు ఉపకేంద్రం వైపే వెళ్లలేదు.

నేను రావడం లేదని ఆమే వెతుక్కుంటూ వచ్చారు. తలనొప్పితో పడుకుని ఉన్నాను. కిటికీలో డబ్బా చూశారు. జలుబు చేస్తుందని మా అత్తయ్యగారు అప్పటికే నా చేత పెరుగు మాన్పించారు.

"ఏంటండీ ఇది? ఇంట్లో పాడి పెట్టుకుని పెరుగు మానేసి, పెరుగులో ఉండేలాంటివే డబ్బాలో కొనుక్కొచ్చారా?" అని నవ్వుతూనే చేతికి బీపీ పట్టీ చుట్టారు. రెండోసారి చూశాక ఆ నవ్వు లేదు. మూత్రం పరీక్ష కూడా చేసి, "అత్తయ్యగారూ, ఆటో పిలిపించండి. రాజమండ్రి పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇది ఫిట్స్‌లోకి దించే బీపీ" అన్నారు.

"రేపు పొద్దున్నే వెళ్తాంలెండి" అన్నారు మా అత్తయ్యగారు.

"రేపటిదాకా ఆగితే ఇద్దరూ దక్కుతారని నేను చెప్పలేనండి."

దారంతా నా చెయ్యి వదల్లేదు. పాప నెలలు నిండకుండా పుట్టింది. వార్డులో ఉండగా మా ఆయన ఆ క్లినిక్ నుంచే పసిపిల్లల ప్రోబయోటిక్ చుక్కలు తెచ్చారు. చూడడానికొచ్చిన నర్సమ్మగారు సీసా ఆయన చేతిలోనే తిరిగి పెట్టేశారు. "ఇక్కడి డాక్టరు గారు చెప్పందే ఒక్క చుక్కయినా పొయ్యకండి. ఇలాంటి బిడ్డకి ఏది సాయమో ఏది ముప్పో వాళ్లే తేల్చాలి. మీరు పాలు పిండి ఇవ్వండి, గుండెల మీద వేసుకోండి" అన్నారు.

ఆ తర్వాత ఆమె నేరుగా ఆ క్లినిక్‌కి వెళ్లారు. కౌంటరు ముందు జనం ఉండగానే అడిగారట: "మందు చెడ్డదని నేననడం లేదండి. దానికి లేని గుణం ఎందుకు అంటగడతారు? చెకప్‌లు మానెయ్యమని గర్భిణికి చెప్పడానికి మీరెవరు?" క్లినిక్ వాళ్లు ఆమె పై ఆఫీసుకి ఫిర్యాదు చేశారు. దుష్ప్రచారం చేస్తోందని రాశారు. ఆఫీసు వాళ్లు కౌంటరు మనిషిని పల్లెత్తు మాట అనలేదు. సంజాయిషీ ఆమెనే అడిగారు.

ఆమె మా ఇంటికి వచ్చారు. "జరిగింది జరిగినట్టు రెండు ముక్కలు రాసివ్వండి, చాలు" అన్నారు. "మనకెందుకు గొడవ, రేపు అవసరం పడితే దగ్గర్లో ఉన్నది ఆ క్లినిక్కే" అన్నారు మా ఆయన. నేను తల దించుకుని కాఫీ ఇచ్చాను. ఆమె తాగి, గ్లాసు కింద పెట్టి, "సరేనండి. పాపకి టీకా తేదీ మర్చిపోకండి" అని వెళ్లిపోయారు. నెల తిరక్కుండా జంగారెడ్డిగూడెం అవతలికి బదిలీ చేశారు. ఊళ్లో ఒక్కరం కూడా నోరెత్తలేదు. రిటైరయ్యేదాకా ఆమె అక్కడే ఉన్నారు.

లూథరన్ చర్చి ఆవరణలో సమాధి కార్యక్రమానికి పై ఆఫీసు నుంచి ఒకాయన పూలదండతో వచ్చారు. నిస్వార్థ సేవామూర్తి అన్నారు, తీరని లోటు అన్నారు. పక్కన మా అమ్మాయి, అప్పటి ఆ పాపే, నిలబడి ఉంది, ఇప్పుడు మూడో తరగతి. ఇక ఆగలేకపోయాను.

"మీ ఆఫీసు ఆవిణ్ణి సంజాయిషీ అడిగిన కాగితం కూడా చదవండి సార్" అన్నాను.

ఆయన తెల్లబోయారు. "ఇది సందర్భం కాదమ్మా" అన్నారు.

"ఆవిడ బతికుండగా సందర్భం ఎప్పుడొచ్చిందండీ?" అన్నాను. వెనకనుంచి ఎవరో "చెప్పనివ్వండి" అన్నారు. అప్పుడు రాసివ్వని ఆ రెండు ముక్కలు ఆవేళ అందరి ముందూ చెప్పాను. ఆ క్లినిక్కు ఇప్పుడు మరో అంతస్తు లేచింది, డబ్బాలు అమ్ముడుపోతూనే ఉన్నాయి. నా నోరు లేచేసరికి ఆమె వినడానికి లేరు. ఎవరి మీద ఎంత కోపమున్నా, ఆ తప్పులో నా వాటా నాకుంది.

బయటికొస్తుంటే ప్రహరీ పక్కన పామాయిల్ తోటల్లో పనిచేసే ఆడవాళ్లు కొందరు కూర్చుని ఉన్నారు. ఆమె చివరిదాకా పనిచేసిన జంగారెడ్డిగూడెం మెట్ట నుంచి, ఆమె కోసం రెండు బస్సులు మారి వచ్చారట. వాళ్లలో ఒక నిండు గర్భిణి కాళ్లు చాపుకుంది. పెద్దావిడ ఒకామె వంగి, ఆ పిల్ల చీలమండ మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, వేలు తీసి, నొక్కినచోట గుంట పడిందేమోనని కళ్లు చికిలించి చూస్తోంది.